యేసు చెప్పిన ఉపమానాలను అర్థం చేసుకోవడం ఎలా?

దావీదు రాజు బత్షెబ విషయంలో ఘోరమైన తప్పు చేశాడు. ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి చంపించాడు కూడా. నాతాను ప్రవక్త రాజు దగ్గరికి వచ్చి నేరుగా ఆ మాట ఎత్తలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ధనవంతుడొకడు, దరిద్రుడొకడు ఉన్నారు. దరిద్రుడికి ఉన్నది ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని గిన్నెలోనే తాగుతూ, అతని ఒళ్లోనే పడుకుంటూ కూతురిలా పెరిగింది. ధనవంతుడి ఇంటికి ఒకడు వచ్చాడు. ధనవంతుడు తన మందలోంచి ఒక్క గొర్రెను కూడా తీయడానికి మనసొప్పక, ఆ పేదవాడి గొర్రెపిల్లను పట్టుకొచ్చి వండించి పెట్టాడు. కథ విని దావీదు మండిపడ్డాడు. ఆ పని చేసినవాడు చావాల్సిందే అన్నాడు. అప్పుడు నాతాను అన్న మాట: "ఆ మనుష్యుడవు నీవే." (2 సమూయేలు 12)

ఉపమానం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఈ సన్నివేశం చదవమని నేను అందరికీ చెబుతాను. వినేవాడు ఇది ఎవరి కథో అనుకుంటాడు, నిర్భయంగా తీర్పు చెప్పేస్తాడు, తీరా చూస్తే ఆ తీర్పు తన మీదే పడుతుంది. యేసు చెప్పిన ఉపమానాల్లో చాలా వాటికి ఇదే పద్ధతి.

మన ఇబ్బంది ఏమిటంటే, వీటిని సండే స్కూల్ నుంచీ వింటున్నాం. కథ మొదలు కాకముందే జవాబు తెలిసిపోతుంది. మంచి సమరయుడు అనగానే "సాయం చేయాలి", తప్పిపోయిన కుమారుడు అనగానే "దేవుడు క్షమిస్తాడు". జవాబులు తప్పు కావు. కానీ మొదట విన్నవాళ్లకు తగిలిన దెబ్బ మనకు తగలడం లేదు. ఆ దెబ్బ మళ్లీ తగిలేలా ఒక ఉపమానాన్ని ఎలా చదవాలో, కొన్నేళ్లుగా బైబిల్ స్టడీలో నేను పాటిస్తున్న క్రమంలోనే చెబుతాను. ఒక్కో ఉపమానానికి కనీసం గంట సమయం పెట్టుకోండి.

మొదటి అడుగు: శీర్షికను పక్కన పెట్టండి

మన బైబిళ్లలో ఉపమానాల పైన కనిపించే పేర్లు సువార్త రాసినవాళ్లు పెట్టినవి కావు. తర్వాతి కాలంలో వచ్చినవి. అవి చదివే కన్నును ఒక వైపుకే తిప్పేస్తాయి. లూకా 15లో "తప్పిపోయిన కుమారుడు" అని చదివితే చూపంతా చిన్నవాడి మీదే ఉంటుంది. కానీ యేసు కథ మొదలుపెట్టిన తీరు చూడండి: "ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి." ఇద్దరు. చిన్నవాడు ఆస్తిలో తన వాటా పట్టుకుపోయి, పాడుచేసుకొని తిరిగొస్తాడు. తండ్రి విందు చేస్తే పెద్దవాడు కోపంతో బయటే నిలబడతాడు. ఆ పెద్దవాడు చివర్లో తగిలించిన తోక కాదు, మొదటి వాక్యంలోనే ఉన్నాడు. నేను ఈ కథను ఎన్నోసార్లు చిన్నవాడు ఇంటికి చేరడంతోనే ముగించేశాను. మిగతా ఎనిమిది వచనాలు ఎందుకున్నాయో నన్ను నేను అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అధ్యాయాల హద్దులు కూడా అంతే. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో జరిగింది, వచనాల అంకెలు కొత్త నిబంధనకు 1551లో వచ్చాయి. కాబట్టి అధ్యాయం మొదట్లో ఉపమానం కనిపిస్తే ముందు అధ్యాయం చివర తప్పకుండా చూడండి. ఎందుకో రెండో అడుగులో తెలుస్తుంది.

పాత తెలుగు బైబిల్ భాష కష్టంగా ఉంటే, వ్యావహారిక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకోండి. ముందు గట్టిగా చదవండి. ఇవి చెవితో వినడానికి పుట్టిన కథలు, నోటితో పలికితే మళ్లీ మళ్లీ వచ్చే మాటలు దొరుకుతాయి. లూకా 12లో ధనవంతుడి మాటల్ని పైకి చదివి చూడండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. తనతో తానే మాట్లాడుకుంటాడు, తనకు తానే సలహా ఇచ్చుకుంటాడు. ఆ కథలో దేవుడు మాట్లాడేదాకా రెండో మనిషే లేడు. కంటితో గబగబా చదివితే ఇది కనబడదు.

రెండో అడుగు: కథకు ముందు ఎవరు ఏమడిగారో వెతకండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. సమయం తక్కువుంటే మిగతావి వదిలేసినా దీన్ని మాత్రం వదలకండి.

యేసు చాలా ఉపమానాలను ఎవరో అడిగిన ప్రశ్నకో, ఎవరో సణిగిన సణుగుడుకో జవాబుగా చెప్పాడు. ఆ ప్రశ్న పోతే జవాబు అర్థం కాదు. లూకా 15 మొదటి రెండు వచనాలు చూడండి. సుంకరులు (పన్నులు వసూలు చేసేవాళ్లు), పాపులు ఆయన మాట వినడానికి దగ్గరికొస్తున్నారు. పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గం), శాస్త్రులు (ధర్మశాస్త్ర పండితులు) "ఇతడు పాపుల్ని చేర్చుకొని వాళ్లతో కలిసి భోంచేస్తున్నాడు" అని సణుగుతున్నారు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, ఇద్దరు కొడుకుల కథ, ఈ మూడూ ఆ సణుగుడుకే జవాబు. అంటే ఇంట్లో విందు జరుగుతుంటే బయట నిలబడి కోప్పడిన పెద్ద కొడుకు ఎవరో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసే ఉంటుంది.

మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. పొద్దున్నే వచ్చినవాడికీ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికీ ఒకే కూలి ఇచ్చిన యజమాని కథ. అధ్యాయం మొదటి నుంచే చదివితే ఇదేం న్యాయం అనిపిస్తుంది. 19వ అధ్యాయం చివరికి వెళ్లండి. అక్కడ పేతురు అడుగుతున్నాడు: మేము అన్నీ వదిలేసి నిన్ను వెంబడించాం కదా, మాకేం దొరుకుతుంది? యేసు ముందు అతనికి గొప్ప వాగ్దానమే ఇచ్చాడు. ఆ వెంటనే "మొదటివారు అనేకులు కడపటివారగుదురు" అని, ఈ కథ ఎత్తుకున్నాడు. కథ చివర మళ్లీ అదే మాట. పొద్దున్నుంచీ ఎండలో పనిచేశామన్న కూలీల గొంతులో పేతురుకు తన గొంతే వినిపించి ఉండాలి.

లూకా కొన్నిచోట్ల మనకు పని తేలిక చేశాడు, తాళంచెవిని తలుపుకే తగిలించి పెట్టినట్టు. 18వ అధ్యాయంలో విధవరాలు, అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథకు ముందే, విసుగకుండా ప్రార్థన చేయాలని చెప్పడానికి ఈ కథ అన్నాడు. ఆ తర్వాతి పరిసయ్యుడు, సుంకరి కథకు ముందు, తామే నీతిమంతులమని నమ్ముకొని ఇతరుల్ని చులకన చేసేవాళ్లతో యేసు ఇది చెప్పాడని రాశాడు. ఇలాంటి వాక్యం కనిపిస్తే కింద గీత గీసుకోండి.

కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: ఎవరితో చెప్పాడు, ఏ మాటకు జవాబుగా చెప్పాడు. రెండోదానికి ఏమీ దొరకకపోతే ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపకండి.

మూడో అడుగు: ఆ కాలపు డబ్బు, దారులు, మనుషులు

ఇక్కడ మీకు బైబిల్ నిఘంటువు ఒకటి ఉంటే బాగుంటుంది. లేకపోయినా కొన్ని విషయాలు గుర్తుంచుకుంటే చాలా కథలు తెరుచుకుంటాయి.

డబ్బు సంగతి ముందు. ఒక దేనారం ఒక కూలివాడి ఒక రోజు కూలి. ద్రాక్షతోట కథలోనే ఆ లెక్క ఉంది. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, ఏడాదికి 300 రోజుల పని వేసుకుంటే 20 ఏళ్ల కూలి. ఇప్పుడు మత్తయి 18 తీయండి. "నా సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా?" అని పేతురు అడిగాడు. యేసు చెప్పిన కథలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ ఉన్నాడు. ఆరు కోట్ల దేనారాలు. ఒక కూలివాడు రెండు లక్షల సంవత్సరాలు పనిచేయాలి. గలిలయ, పెరయ ప్రాంతాలను ఏలిన హేరోదు అంతిపకు అక్కడి నుంచి ఏడాదికి వచ్చే ఆదాయం 200 తలాంతులని ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆ లెక్కన ఈ బాకీ, ఆ రెండు ప్రాంతాల యాభై ఏళ్ల ఆదాయం. అలాంటివాడు రాజు కాళ్ల మీద పడి ఏమంటున్నాడు? "ఓర్చుకో, అంతా తీర్చేస్తాను" అంటున్నాడు. వినేవాళ్లు ముఖాలు చూసుకొని ఉంటారు. రాజు అంతా కొట్టేశాడు. బయటికొచ్చిన ఆ దాసుడు తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలంటే తక్కువేం కాదు, మూడు నెలలకు పైగా కూలి. మనకు అన్యాయం చేసినవాడు నిజంగానే మనకు బాకీ పడ్డాడని ఈ కథ ఒప్పుకుంటుంది. కానీ మనకు కొట్టేసిన బాకీ దానికి ఆరు లక్షల రెట్లు. ఈ లెక్క వేయకుండా "క్షమించాలి" అని చెప్పే ప్రసంగం సగమే చెబుతుందని నా అభిప్రాయం.

తలాంతు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన సంఘాల్లో "దేవుడు నీకిచ్చిన తలాంతులు" అంటే పాడటం, వాయిద్యం వాయించడం, మాట్లాడే నేర్పు అని అర్థం. ఆ అర్థం మత్తయి 25లోని ఉపమానం నుంచే పుట్టింది. ఆ కథలో ఒక యజమాని ప్రయాణమై వెళ్తూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒక తలాంతు చొప్పున అప్పగించాడు. కానీ అక్కడ తలాంతు అంటే డబ్బే. పైగా యజమాని "ఎవని సామర్థ్యము చొప్పున వానికి" ఇచ్చాడని ఉంది. సామర్థ్యం వేరు, తలాంతు వేరు. సామర్థ్యాన్ని బట్టి అప్పగించిన బాధ్యత అది. ఒక్క తలాంతు తీసుకున్నవాడికి కూడా 20 ఏళ్ల కూలి చేతిలో పడింది, నాకు దొరికింది తక్కువ అనే సాకు అతనికి లేదు. ఐదు తలాంతులవాడితో యజమాని "కొంచెములో నమ్మకముగా ఉంటివి" అంటాడు. నూరేళ్ల కూలిని కొంచెం అనే యజమాని ఎంతటివాడో ఆలోచించండి. తన ఒక్క తలాంతును మట్టిలో పాతిపెట్టినవాడు ఆయన్ని కఠినుడు, పిసినారి అనుకున్నాడు.

మనుషుల విషయం. లూకా 10లోని మంచి సమరయుడి కథలో, యెరూషలేము నుంచి యెరికోకు వెళ్తున్న ఒకణ్ణి దొంగలు కొట్టి పడేశారు. ఒక యాజకుడు, దేవాలయ సేవ చేసే ఒక లేవీయుడు చూసి వెళ్లిపోయారు, ఒక సమరయుడు మాత్రం ఆగి గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంట్లో చేర్పించాడు. సమరయుడు అనే మాట పక్కన "మంచి" అని ఎంత అలవాటుగా అనేస్తున్నామంటే, ఆ మాట యూదుల చెవికి ఎంత చేదో మర్చిపోయాం. సమరయులు గెరిజీము కొండ మీద ఆరాధించేవాళ్లు. అక్కడి వాళ్ల గుడిని యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం చివర్లో పడగొట్టించాడు. రెండు వైపులా పగ అలాగే మిగిలింది. లూకాలో ఈ కథకు ఒక్క అధ్యాయం ముందు, ఒక సమరయ గ్రామం యేసును రానివ్వలేదు. యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని దింపి వాళ్లను కాల్చేయమంటావా అని అడిగారు. ఆ మాట అన్న శిష్యుల చెవుల్లో, దెబ్బలు తిన్న మనిషి మీద జాలిపడ్డవాడు సమరయుడని పడింది.

దారి కూడా కథలో భాగమే. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి 250 మీటర్ల దిగువన ఉంది. పాతిక కిలోమీటర్లకు కాస్త పైబడిన దారిలో వెయ్యి మీటర్ల దిగుడు, ఎడారి కొండల మధ్య. "దిగి వెళ్తుండగా" అనేది ఊరికే అన్న మాట కాదు.

యాజకుడు, లేవీయుడు ఎందుకు ఆగలేదు? శవాన్ని ముట్టుకుంటే మైల అనుకొని ఉంటారని చాలామంది చెబుతారు. ఉండొచ్చు. దొంగల భయమూ అయి ఉండొచ్చు. యేసు మాత్రం కారణం చెప్పలేదు. కథలో చెప్పని చోట మనం సాకు వెతికి పెడితే, ఆ సాకు గురించే ప్రసంగం అయిపోతుంది. చూశాడు, పక్కగా వెళ్లిపోయాడు. ఉన్నది అంతే.

నాలుగో అడుగు: కథ ఎక్కడ విడ్డూరంగా మారిందో పట్టుకోండి

ఉపమానం మామూలు జీవితంతో మొదలవుతుంది. విత్తనాలు, గొర్రెలు, అప్పులు, పెళ్లిళ్లు. కొంత దూరం వెళ్లాక ఎవరో ఒకరు మామూలుగా ఎవరూ చేయని పని చేస్తారు. అక్కడ ఆగండి. అర్థం సాధారణంగా అక్కడే ఉంటుంది.

కూలీల కథలో యజమాని చివర వచ్చినవాళ్లకు ముందు కూలి ఇప్పించాడు. ముందొచ్చినవాళ్లకు ముందు ఇచ్చి పంపేసి ఉంటే వాళ్లు ఒప్పుకున్న దేనారం తీసుకొని తృప్తిగా ఇంటికి పోయేవాళ్లు, గొడవే ఉండేది కాదు. యజమాని కావాలనే వాళ్లు చూసేలా చేశాడు. కాబట్టి ఈ కథలో ముఖ్యమైన ప్రశ్న కూలి ఎంత అనేది కాదు. ఇంకొకరికి దొరికిన దయ చూసి నాకు కడుపుమంట ఎందుకు?

ఇద్దరు కొడుకుల కథలో తండ్రి పరుగెత్తాడు. ఆ కాలపు పెద్దమనిషి, పనివాళ్లున్న ఇంటి యజమాని, పరువు వదిలేసి పరుగెత్తడం అంటే చిన్న విషయం కాదు. ఇంకో చిన్న వివరం చూడండి. చిన్నవాడు పందుల దగ్గర కూర్చొని ఏం చెప్పాలో తయారు చేసుకున్నాడు. పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇంటికొచ్చాక మొదటి రెండు మాటలు చెప్పాడు. మూడోది చెప్పేలోపే తండ్రి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. 19వ వచనాన్నీ 21వ వచనాన్నీ పక్కపక్కన పెట్టుకొని చదవండి. కూలివాడిగా బతుకుతానన్న ఆ ఒక్క మాటకు తండ్రి చోటివ్వలేదు. ఇది గమనించిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

పిండిలో పులిపిండి దాచిన స్త్రీ కథ ఒక్క వాక్యమే. మూడు కుంచాల పిండి అంటే సుమారు 40 లీటర్ల కొలత. ఒక ఇంటికి సరిపోయేది కాదది, వంద మందికి పైగా తినే రొట్టెలవుతాయి. ఆమె ఎవరి కోసం కలుపుతోంది?

ఐదో అడుగు: ప్రతి వస్తువుకూ అర్థం తగిలించకండి

సంఘ చరిత్రలో మహా దైవజ్ఞులు కూడా ఇక్కడ చాలా దూరం వెళ్లారు. నాలుగు, ఐదు శతాబ్దాల మధ్య జీవించిన అగస్టీన్ మంచి సమరయుడి కథను ఇలా విడదీశాడు: దెబ్బలు తిన్నవాడు ఆదాము, దొంగలు సాతాను, అతని దూతలు, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు. వినడానికి ఎంతో బాగుంటుంది, చెప్పిన సత్యాల్లో తప్పేమీ లేదు. కానీ "నా పొరుగువాడెవడు" అని అడిగిన ఆ ధర్మశాస్త్రోపదేశకుడికి ఇందులో ఏ జవాబు దొరికింది? అప్పటికి పౌలు ఇంకా యేసును ఎరగడు కూడా.

19వ శతాబ్దం చివర్లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ దీన్ని గట్టిగా ఖండించి, ఒక ఉపమానానికి ఒక్కటే సారం అని వాదించాడు. అది మంచి మందే, కాకపోతే మోతాదు ఎక్కువైంది. విత్తువాని ఉపమానానికీ, గోధుమల్లో గురుగుల ఉపమానానికీ యేసే ఒక్కొక్కటీ విడమర్చి అర్థం చెప్పాడు కదా.

మరి ఎక్కడ ఆగాలి? నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ అర్థం అక్కడ నిలబడి విన్నవాళ్లకు తట్టగలదా? పాత నిబంధనలో దానికి ఆధారం ఉందా? ద్రాక్షతోట అంటే ఇశ్రాయేలు అని యెషయా 5లో స్పష్టంగా ఉంది. అందుకే దుష్టులైన కాపుల (ద్రాక్షతోటను కౌలుకు తీసుకున్నవాళ్ల) కథ చెప్పగానే యాజకులు అది తమ గురించేనని వెంటనే తెలుసుకున్నారు. అక్కడ తోటకు అర్థం చెప్పుకోవడం న్యాయం. దీపాలు పట్టుకొని పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే పదిమంది కన్యకల కథలో (మత్తయి 25) నూనెకు అర్థం మాత్రం యేసు చెప్పలేదు. ఆత్మ అని ఒకరు, విశ్వాసం అని ఒకరు, సత్క్రియలు అని ఒకరు వాదించుకుంటుంటే పెళ్లికొడుకు ఆలస్యంగా వస్తాడన్న సంగతే పక్కకు పోతుంది.

ఒకే వస్తువుకు అన్నిచోట్లా ఒకే అర్థం కూడా వేయకండి. పులిసిన పిండి మత్తయి 13లో పరలోకరాజ్యానికి పోలిక. అదే మత్తయి 16లో పరిసయ్యుల బోధ గురించిన హెచ్చరిక.

కథలోని పెద్దమనిషి ప్రతిసారీ దేవుడే అనుకోవడం ఇంకా ప్రమాదం. లూకా 18లో న్యాయాధిపతి దేవుడికి భయపడడు, మనుషుల్ని లెక్కచేయడు. విధవరాలి పోరు పడలేక తీర్పు తీర్చాడు. దేవుడు ఇలాంటివాడని చెప్పడానికి కాదు ఈ కథ. ఇలాంటివాడే కదిలినప్పుడు, మిమ్మల్ని ప్రేమించే దేవుడు ఇంకెంతగా వింటాడు అని. అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుడి కథ (లూకా 11) కూడా ఇదే కోవలోది. ఈ తేడా తెలియక, దేవుణ్ణి విసిగిస్తే గానీ వినడు అనే భయంతో ప్రార్థన చేసేవాళ్లను నేను చూశాను. వాళ్ల కోసమైనా ఈ కథ సరిగ్గా చెప్పాలి.

ఆరో అడుగు: అదే కథ ఇంకో సువార్తలో ఉందేమో చూడండి

మత్తయి, మార్కు, లూకాల్లో కొన్ని ఉపమానాలు రెండు మూడు చోట్ల వస్తాయి. యోహాను సువార్తలో ఇలాంటి కథలు లేవు, మంచి కాపరి, ద్రాక్షావల్లి లాంటి పోలికలున్నాయి.

తప్పిపోయిన గొర్రెనే తీసుకోండి. లూకాలో అది పరిసయ్యులతో చెప్పింది, గొర్రె అంటే మారుమనస్సు పొందే పాపి. మత్తయి 18లో అదే కథ శిష్యులతో చెప్పింది. చివరి మాట, ఈ చిన్నవాళ్లలో ఒక్కడు కూడా నశించడం తండ్రి చిత్తం కాదు అని. అక్కడ గొర్రె అంటే సంఘంలో ఉండి దారి తప్పినవాడు. ఒకచోట దేవుని సంతోషం మీద దృష్టి, ఇంకోచోట మన బాధ్యత మీద. రెంటినీ కలిపి ఒకటే చేయకుండా, మీరు చదువుతున్న సువార్త ఏం చెబుతుందో దాన్ని చెప్పనివ్వండి.

ఏడో అడుగు: మీరు ఎవరి చోట నిలబడ్డారు?

కథలో మనకు తెలియకుండానే ఒకరి పక్కన నిలబడతాం, ఎక్కువగా మంచివాడి పక్కన. పరిసయ్యుడు, సుంకరి కథ చదివి "ప్రభువా, నేను ఆ పరిసయ్యుడిలా లేనందుకు స్తోత్రం" అనుకుంటే, సరిగ్గా అతని ప్రార్థనే మనమూ చేసినట్టు. అందుకని ఒక్కో పాత్ర చోటా నిలబడి కథను మళ్లీ చదవండి. మంచి సమరయుడి కథను దారిలో పడివున్నవాడిగా చదవండి. మీకు అసలు గిట్టని మనిషి వంగి మీ గాయాలు కడుగుతుంటే ఒప్పుకోగలరా?

యేసు ఆ ఉపదేశకుడి ప్రశ్నను తిప్పేసిన తీరు ఇక్కడే చూడాలి. అతను అడిగింది, నా పొరుగువాడెవడు? అంటే ఎవరి వరకు ప్రేమించాలి, గీత ఎక్కడ గీయాలి? యేసు తిరిగి అడిగింది, ఈ ముగ్గురిలో పొరుగువాడు అయినది ఎవడు? అతను "సమరయుడు" అన్న పేరు నోట రానివ్వలేదు. "అతని మీద జాలిపడినవాడే" అన్నాడు. ఆ మాట పలకలేని నాలుక ఎవరి విషయంలో మీకుందో ఒక్కసారి చూసుకోండి.

ఇంకా కొరుకుడు పడనివి

అన్నీ తేలిగ్గా తెరుచుకోవు. లూకా 16లో అన్యాయస్థుడైన గృహనిర్వాహకుడు ఉద్యోగం పోతుందని తెలిసి, యజమానికి రావాల్సిన నూరు మణుగుల నూనె బాకీని యాభైకి, నూరు తూముల గోధుమల్ని ఎనభైకి దిద్దించాడు. యజమాని అతన్ని మెచ్చుకున్నాడు. మోసాన్ని మెచ్చుకోవడమేంటని టెన్షన్ పడకండి. మెచ్చుకున్నది యుక్తిగా నడుచుకున్నందుకని వచనంలోనే ఉంది. తన రేపటి కోసం ఈ లోకపు మనిషి పడే తపన, వెలుగు సంబంధులు (దేవుని మనుషులు) తమ రేపటి కోసం పడటం లేదన్నదే అక్కడి బాధ. ఆ తర్వాతి వచనాల్లో ఇంకా కష్టమైన మాటలున్నాయి, వాటిని కొన్నాళ్లు మనసులో మోయడంలో తప్పు లేదు.

ఉపమానాలు అర్థం కాకుండా ఉండటానికే చెప్పాడా అనే ప్రశ్న కూడా మార్కు 4:11-12 చదివితే వస్తుంది. వాళ్లు చూసినా కనిపెట్టకుండా, విన్నా గ్రహించకుండా ఉండాలనే యెషయా 6లోని కఠినమైన మాటను యేసు అక్కడ ఎత్తి చెప్పాడు. కానీ అదే అధ్యాయంలో రెండు విషయాలు గమనించండి. జనమంతా వెళ్లిపోయాక, దగ్గరే ఉండిపోయి అర్థం అడిగినవాళ్లకు ఆయన వివరించాడు. 33వ వచనంలో, వాళ్లు వినగలిగినంత కొద్దీ వాక్యం చెప్పాడని ఉంది. అర్థం కాలేదని లేచిపోకుండా ఆగి అడిగితే చెప్పేవాడు ఆయన. కాబట్టి మీరు కూడా ఒక వారం ఆ ఉపమానాన్నే పట్టుకొని ఉండండి, మీ సంఘంలో ఎరిగినవాళ్లను అడగండి, ప్రార్థనలో అడగండి.

చివరి పని: ఒక్క వాక్యం రాసి, పరీక్షించండి

ఇంతా అయ్యాక ఈ ఉపమానం ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. "అందరినీ ప్రేమించాలి", "దేవుడు మంచివాడు" అని వచ్చిందంటే మళ్లీ రెండో అడుగుకు వెళ్లండి. ఆ వాక్యం ఏ ఉపమానానికైనా అతుకుతుంది. ఈ కథకు తప్ప ఇంకోదానికి అతకని వాక్యం కావాలి. ఉదాహరణకు కూలీల కథకు నేను రాసుకున్నది ఇది: "నా తర్వాత వచ్చినవాడికి దేవుడు నాతో సమానంగా ఇచ్చినప్పుడు, ఆయన మంచితనం మీద నాకు కోపం రావడం నాలోని రోగం." దాని కింద, ఈ వారం ఎవరిని చూసి నాకు అలా అనిపించిందో ఒక పేరు రాసుకున్నాను. ఆ పేరు మీరు ఎవరికీ చూపించనక్కర్లేదు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు లూకా 7:36-50తో మొదలుపెట్టండి. ఉపమానం రెండు వచనాలే. ఇద్దరు బాకీదారులు, ఒకడికి 500 దేనారాలు, ఇంకొకడికి 50, ఇద్దరికీ కొట్టేశాడు. దాని చుట్టూ కావాల్సినవన్నీ ఉన్నాయి: పరిసయ్యుడైన సీమోను ఇంట్లో భోజనం, పిలవకుండా వచ్చి యేసు పాదాల దగ్గర ఏడుస్తున్న స్త్రీ, సీమోను మనసులో అనుకున్న మాట, యేసు అడిగిన ప్రశ్న, సీమోను నోటితోనే వచ్చిన తీర్పు. ఆ తర్వాత యేసు ఆ స్త్రీ వైపు తిరిగి, సీమోనుతో మాట్లాడతాడు. ఆయన ముఖం ఎటుందో, మాట ఎవరితోనో గమనిస్తూ 44వ వచనం నుంచి నెమ్మదిగా చదవండి.